పిడుగు లేని పాటలు

పిడుగూ,

కవరు మీద పంపినవాడి పేరు చూస్తే విప్పకుండానే చించి పారేస్తావేమోనని నా పేరు రాయలేదు. ఇంతవరకూ చదివావంటే దస్తూరీ గుర్తుపట్టలేదన్నమాట. లేదా గుర్తుపట్టి కూడా ఓర్చుకున్నావన్నమాట. ఏదైనా దేవుడి దయే. మనం మాట్లాడుకుని ఇరవై రెండేళ్ళయింది.

మొన్న మన చర్చి కింది గదికి వెళ్ళాను. ఇప్పుడక్కడ విరిగిన కుర్చీలు పడేస్తున్నారు. మనం గోడకి కొట్టిన మేకులు మాత్రం అలాగే ఉన్నాయి. నీ డ్రమ్ముల మోత పైకి వినబడకుండా, మా ఇంట్లోంచి దుప్పట్లు ఎత్తుకొచ్చి వాటికి వేలాడదీసేవాళ్ళం, గుర్తుందా? చలికాలం రాగానే అమ్మ పెట్టె తెరిచి, "నా దుప్పట్లు ఎత్తుకెళ్ళినవాడి చేతులు పడిపోనూ!" అని మన ఎదురుగానే శాపనార్థాలు మొదలెట్టింది. నువ్వు బుద్ధిగా తలొంచుకుని "ఆమెన్" అన్నావు. నేను నవ్వాపుకోలేక పెరట్లోకి పరిగెత్తాను.

సంఘ పెద్ద మన పాటలకి చెవుల్లో దూది పెట్టుకుని మరీ వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. "వినకూడదనుకుంటే రావడమెందుకండీ?" అని నువ్వడిగితే, "మీ కోసం ప్రార్థన చెయ్యడానికొస్తున్నాను నాయనా. మీకది చాలా అవసరం" అన్నాడు. అదే మనిషి ఏడాది తిరక్కుండా, మన పాట వస్తుంటే కాలితో తాళం వేస్తూ పట్టుబడ్డాడు. దూది ఏదని అడిగితే అయిపోయిందన్నాడు.

మనం ముగ్గురమే. గిటారూ బొంగురు గొంతూ నావి. బాస్ గిటారు కరెంటు పని చేసేవాడిది. వాణ్ణి మనం "కరెంటు" అనే పిలిచేవాళ్ళం. డ్రమ్ములు నీవి. కరెంటు మేనమామ తెల్లవారగానే దుకాణాలకి బ్రెడ్డు వేసి వచ్చి, తర్వాత వ్యాన్ మనకిచ్చేవాడు. ఏ ఊరి చర్చి ముందు దిగినా మన బట్టల కంటే ముందు బ్రెడ్డు వాసన దిగేది. "తలుపుకి గడియ లేదు" పాట పుట్టింది ఆ వ్యాన్‌లోనే. బయట వాన, ముందు కదలని బండ్ల బారు. బైబిలు కథలో ఇల్లు విడిచిపోయిన కొడుకు కోసం తండ్రి తలుపు వెయ్యకుండా కూర్చున్నాడని నేను రెండు వాక్యాలు కూనిరాగం తీశాను. నువ్వు డాష్‌బోర్డు మీద వేళ్ళతో దరువందుకున్నావు. "ఏడుపు వద్దురా. కొడుకు కనబడగానే ఆ తండ్రి లేచి పరిగెత్తాడు. పాట కూడా పరిగెత్తాలి" అన్నావు. మర్నాటి సభలో పాడాం. కుర్రకారంతా లేచి నిలబడింది. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ పాట రేడియోలో, బస్సుల్లో, ఆసుపత్రి వరండాల్లో.

ఆ రోజుల గురించే రాసి ముగిస్తే హాయిగా ఉండేది. కానీ ఉత్తరం మొదలెట్టింది అందుకు కాదు.

మీ ఆవిడ నిన్ను విడిచి వెళ్ళిపోయిన ఏడాది, పెద్ద యువజన సభలు జరిపేవాళ్ళ దగ్గర్నుంచి నాకొక కాగితం వచ్చింది. విడాకులైన మనిషి వేదిక మీద ఉంటే యువతకి మంచి మాదిరి కాదని, అతన్ని తప్పిస్తేనే మమ్మల్ని పిలుస్తామని. తప్పెవరిదని వాళ్ళడగలేదు. నేనూ చెప్పలేదు. కరెంటుతో కలిసి మీ ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోరా" అన్నాను. నువ్వు తలూపావు. ఆ సాయంత్రమే ఇంకొకణ్ణి పెట్టుకుని సాధన చేశాం.

తర్వాతదంతా నీకు తెలిసే ఉంటుంది. ఏడు ఆల్బమ్‌లు, దండలు, షీల్డులు. ఎంతమంది డ్రమ్మర్లు మారారో లెక్కలేదు. అందరూ సరిగ్గా వాయించేవాళ్ళే. నువ్వు ఒక్కనాడూ సరిగ్గా వాయించలేదు. పాట కంటే వెంట్రుకవాసి ముందుండేవాడివి, నేను నీ వెనక పడి పరిగెత్తేవాణ్ణి. ఆ పరుగునే జనం నా భక్తి అనుకున్నారు. నువ్వు వెళ్ళాక నా గొంతు బాగుపడిందన్నారు. పాటకేమైందో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటావా? నా కూతురు నాతోనే వేదిక మీద వంత పాడుతుంది. మొన్న వేసవిలో దానికీ విడాకులయ్యాయి. అవే సభలవాళ్ళు అదే మాట అన్నారు. ఈసారి బల్ల గుద్ది లేచాను. "మా అమ్మాయి లేని చోట నేనూ ఉండను" అని చెప్పి, దాన్ని వెంటబెట్టుకుని బయటికొచ్చాను. ఇంటి దగ్గర కారు దిగబోతూ, "నాన్నా, ఇదివరకు ఎవరి కోసమైనా ఇలా లేచావా? లేకపోతే నేను నీ కూతుర్ని కాబట్టా?" అంది. దానికి జవాబు చెప్పేముందు నీకు రాస్తున్నాను.

వచ్చే నెలలో నా ముప్పయ్యేళ్ళ పాటల సభ ఉంది. నువ్వు రా. డ్రమ్ముల దగ్గర కూర్చో. అంతమంది ముందు మైకులో నా తప్పు ఒప్పుకుని, నన్ను క్షమించమని నిన్ను అడుగుతాను. కాదనకు.

నీ
బొంగురు


బొంగురూ,

నీ దస్తూరీ గుర్తుపట్టకపోవడమేమిట్రా! కోడి గెలికినట్టుండే ఆ రాతలోనే కదా ఇన్ని పాటలు చదువుకుని వాయించాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అమ్మ శాపనార్థాల దగ్గర గట్టిగా నవ్వితే పక్కింటావిడ తొంగి చూసింది.

నేను వాషింగ్ మెషిన్లు బాగుచేస్తున్నాను. పని బాగానే ఉంది. లోపల డ్రమ్ము తిరిగే చప్పుడు విని ఏ భాగం అరిగిందో చెప్పేస్తాను. చెవి అలా పనికొచ్చింది.

ఒక్క సంగతి మాత్రం సరిదిద్దాలి. నువ్వు మా గుమ్మంలో నిలబడలేదు. ఆ విశ్రాంతి మాట చెప్పింది నువ్వు కాదు, కరెంటు. వాడు పాపం చెమటలు కక్కుతూ, నేల చూపులు చూస్తూ చెప్పాడు. నువ్వు వీధిలో వ్యాన్ దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నావు. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. ఇంకాసేపట్లో దిగుతావని మూడు గ్లాసులకి టీ పెట్టాను. కరెంటు ఒక గ్లాసు తాగి వెళ్ళిపోయాడు. మిగతా రెండూ చల్లారిపోయాయి.

నువ్వు అబద్ధమాడావని అనడం లేదు. ఇన్నేళ్ళుగా నీకు నువ్వే అలా చెప్పుకుని ఉంటావు. గుమ్మందాకా వచ్చానని అనుకుంటే కాస్త నిద్ర పడుతుంది కదా. కానీ నాకు నొప్పి ఆ మాట వల్ల కాదు. ఆ మాటైనా నీ నోటి నుంచి రాలేదు చూడు, అదీ నొప్పి.

చాలా ఏళ్ళు మన పాట వినబడితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఒకసారి ఒక పెద్దావిడ ఇంట్లో మెషిన్ విప్పి కూర్చున్నాను, లేవడానికి లేదు. లోపలి గదిలో వాళ్ళాయన మంచం పట్టి ఉన్నాడు. ఆవిడ రేడియోతో పాటు "తలుపుకి గడియ లేదు" పాడుతూ ఆయన దుప్పట్లు మడతపెడుతోంది. ఉండబట్టలేక, "దీనికి దరువు వేసింది నేనేనమ్మా" అన్నాను. "ఊరుకో బాబూ, అందరూ అలాగే అంటారు" అంది. మెషిన్ మూత మీద వాయించి చూపించాను. ఆవిడ మడతపెడుతున్న దుప్పటి అలాగే పట్టుకుని నిలబడిపోయింది. లోపల్నుంచి ఆయన, "ఆపకు నాయనా" అన్నాడు. ఆ రోజు నీ మీద కోపం చాలావరకు పోయింది. పాట చెయ్యాల్సిన పని చేస్తూనే ఉందిరా, మనమే దాని పక్కన లేం.

నీ సభకి నేను రాను. మైకులో క్షమాపణ అడిగితే జనం నీకు చప్పట్లు కొడతారు, నా మీద జాలిపడతారు. రెండూ వద్దు. చెవిలో చెప్పాల్సిన మాట వీధికెక్కించకు. నన్ను అడిగావు, నేను క్షమించాను, అయిపోయింది. ఇంక చెప్పాల్సింది మీ అమ్మాయికి. అడిగినదానికి జవాబియ్యి. "లేదమ్మా, అప్పుడు లేవలేదు. కనీసం వ్యాన్ కూడా దిగలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పు. అది నిన్ను తక్కువగా చూస్తుందని భయపడకు. నువ్వు బల్ల గుద్దింది కళ్ళారా చూసిన పిల్ల అది.

ఇక్కడ ఆదివారం పూట ఒక బడి భోజనాల గదిలో ఆరాధన జరుగుతుంది. పాతికమందికి మించం. నా సంగతంతా చేరిన రోజే చెప్పేశాను. అక్కడి పాస్టరమ్మ, "అయితే వాయించడం వచ్చా, రాదా?" అని అడిగి కర్రలు చేతికిచ్చింది. అప్పట్నుంచీ వాయిస్తున్నాను, ఇప్పటికీ వెంట్రుకవాసి ముందే. పాడే పిల్ల ప్రతి వారం నన్ను తిడుతుంది.

మీ అమ్మాయిని తీసుకుని రా. నువ్వు మైకు దగ్గరికి మాత్రం రావద్దు, బెంచీలో కూర్చో. అన్నేళ్ళు కలిసి పాడాం కానీ, నువ్వెప్పుడూ జనం వైపు తిరిగి ఉండేవాడివి. నాకు కనబడింది నీ వీపే. నేను వాయిస్తుంటే నీ ముఖం ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడాలి.

పిడుగు