అడుగున బొరుగులు

ఎస్తేరూ,

మిల్లుకు పోతున్నాను. ఎమ్మిగనూరు నుంచి మీ చిన్నమామ యేసేపు మధ్యాహ్నం క్రిస్మస్ బుట్టకు వస్తాడు. ఆలోపు దాని గుడ్డ విప్పి, అడుగున నేను పోసిన బొరుగులన్నీ తీసెయ్యి. మనకని డబ్బాలో దాచిన కజ్జికాయలు, నిప్పట్లు వేసి నింపు. పైపైన సర్దొద్దు, అడుగు నుంచి నింపు.

నువ్వు ముందే వద్దన్నావు. "బుట్ట నిండుగా కనపడితే సాలు, నోరు మూసుకో" అని కసిరినాను. నిన్న కోసిగిలో మీ మామ చెల్లెలు దానమ్మ నేనిచ్చిన బుట్టను ఇంట్లోకి కూడా తీసుకుపోలేదు. చర్చి నుంచి వస్తున్నవాళ్లందరినీ పిలిచి, "మా వదిన ఆదోని నుంచి తెచ్చినాది, తినండప్పా" అని చాప మీద కుమ్మరించింది. నాలుగు కజ్జికాయలు దొర్లినాయి. మిగిలిందంతా బొరుగులే. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. దానమ్మే, "బస్సులో నలిగిపోతాయని మెత్తగా బొరుగులేసినాది మా వదిన" అనింది. తల ఎత్తలేకపోయినాను.

వట్టి బుట్ట తిరిగి ఇవ్వకూడదని శనక్కాయలు పోసి ఇచ్చింది. పండగ కాగానే సుగ్గి పనికని, కూలి కోతలకు ఊరు వదిలిపోయే మనిషి. నా బుద్ధి చూడు, ఇంటికొచ్చి అడుగు దాకా చెయ్యి పెట్టి చూసినాను. అన్నీ శనక్కాయలే.

నీ ముఖం చూడలేకే నువ్వు లేవకముందే పోతున్నాను.

మీ అత్త

మరిచినాను. పండగ నాడు మనకు ఆ బొరుగులే. నా పళ్లెంలో పైన కజ్జికాయ పెట్టొద్దు.