ఎలీసియో మూసిన తలుపు

నవంబర్ 28
"ఆ సీరియల్ పూర్తి టేపులు తెస్తాన్నా, మొదటి నుంచి ఆఖరి దాకా కూర్చోబెట్టి చూపిస్తా" అన్నాడు హిదాయత్. ముప్పై ఏళ్ల కిందటి మాట. టీవీ ఆఫీసులో టేపుల గదిలో పని వాడిది. నాతో ఒకే గది, జిద్దా పాతబస్తీలో, ఇదే బలద్‌లో. అడిగినప్పుడల్లా "రేపు". కడపకు పోయే రోజు కూడా "రేపు" అనే అన్నాడు...

ఇవాళ ఎందుకు గుర్తొచ్చిందంటే, ఎలీసియో వస్తున్నాడు. జిద్దాకు. సినిమా పండగకి. మా అనువాదాల ఆఫీసు ఎదురుగోడ మీద ఆయన బొమ్మ. తెల్ల గడ్డం, చేతికర్ర. ఈ దేశంలో సినిమా హాలే లేని రోజుల్లో ఆ మెక్సికో మనిషి సీరియళ్లను అరబ్బీలో చూసి ప్రేమించినవాణ్ని. ఇప్పుడు హాళ్లున్నాయి. నాకు మోకాళ్లు లేవు.

నవంబర్ 29
హైదరాబాద్ నుంచి పబ్లిషర్ మూర్తి ఫోను. "పన్నెండున ప్రెస్సుకు పంపిస్తానండీ. మార్పులుంటే ఇప్పుడే చెప్పండి." ఏమీ లేవన్నాను.

ఎలీసియో మీద తెలుగులో మొదటి పుస్తకం. నేను రాసే ఆఖరిది. నన్ను 'గల్ఫు టైపిస్టు' అని ఎగతాళి చేసిన విమర్శకుల్లో ఇద్దరు పోయారు. మిగిలిన ఇద్దరూ బతికుండి చదవాలి.

నవంబర్ 30
మూడో అధ్యాయం మళ్లీ చదువుకున్నాను. పుస్తకమంతా దాని మీదే నిలబడింది.

ఎలీసియో మొదట ఐసు ఫ్యాక్టరీ కూలీల మీద ఒక సినిమా తీశాడు. తర్వాత లాటరీ టికెట్లమ్మే పిల్ల మీద ఇంకొకటి. ఎవరూ చూడలేదు. పొట్ట కోసం టీవీకి వచ్చాడు. లేసులమ్మే అక్కచెల్లెళ్ల సీరియల్ అప్పటిది. వదిలేసి పోయిన మొగుడు ఏళ్ల తర్వాత తిరిగొస్తాడు. అక్క వాణ్ని లోపలికి రానిచ్చి తలుపు వేస్తుంది. అంతే — తెల్లవారుతుంది. ఆమె జుట్టు తడిగా ఉంటుంది. బల్ల మీద ఒకటే కప్పు. క్షమించిందా? గెంటేసిందా? చెప్పడు.

'తలుపు మూయడం తెలిసిన దర్శకుడు' అని రాశాను. మనవాళ్లయితే అక్కడ మూడు ఉరుములు వేసేవాళ్లు.

డిసెంబర్ 2
"యా హాజీ, ఈ వయసులో సినిమానా?" — నన్ను వీసా మీద తెచ్చుకున్న కఫీల్ కొడుకు. తండ్రి పోయాక ఆఫీసు చూసుకునేది వాడే. నవ్వుతూనే తన ఫోనులో టికెట్ తీసిపెట్టాడు. తండ్రికున్న మర్యాద వీడికి లేదు. మనసుంది.

డిసెంబర్ 5
ఆ సీరియల్‌ను బాగుచేసి, మొత్తం చూపిస్తున్నారు.

తలుపు మూసుకుంది. కెమెరా లోపలే ఉంది.

లోపలే! మొగుడు కాళ్ల మీద పడ్డాడు. ఆమె చెంప పగలగొట్టింది. వయొలిన్లు. రెండో కప్పు గోడకేసి కొట్టింది. ఇద్దరూ వానలోకి పరుగెత్తి వాటేసుకున్నారు. జుట్టు అందుకే తడి.

ఉరుములు కూడా ఉన్నాయి.

డిసెంబర్ 6
ప్రశ్నలకు టైమిచ్చారు. లేచి అరబ్బీలో అడిగాను — మేము చూసినప్పుడు తలుపు పడగానే తెల్లవారేది, అదే మీరు తీసింది అనుకున్నాను, ఏది మీది? ఎలీసియో పక్కన కూర్చున్న అమ్మాయి ఆయన భాషలో చెప్పింది.  ముసలాయన పొట్ట కదిలేలా నవ్వాడు.

"మీ టీవీవాడెవడో ఆ సీను నాకంటే బాగా కోశాడే. ఎవరతను?"

హాలంతా చప్పట్లు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. మైకు వేరే వరసకు వెళ్లిపోయింది.

డిసెంబర్ 7
కడపకు, హిదాయత్‌కు ఫోను.

"వోయబ్బా! నువ్వింగా ఆడనే ఉండావా అన్నా?"

తలుపు సంగతి అడిగాను.

"ఆడమనిషి, మగోడు ఒక గదిలోకి పోతే సాలు, కోసెయ్యమని ఆర్డరు. ముదీర్ వాచీ చూసుకుంటా తలమీద నిలబడుకోని ఉండేవాడు, పెద్ద మేనేజరు గదా. గబగబా కోసి పడేసి చాయ్‌కి పోతాంటిమి. యాడ కోసినామో మాకే తెలీదు."

"కోసింది నువ్వా?"

"నేను గాక మీ తాతా?"

"నాకెందుకు చెప్పలేదురా?"

"యెట్ల చెప్పేది? నేను కోసొచ్చి ఇంట్లో చెప్పులిడుస్తానే, 'చూస్తివా హిదాయత్, ఎంత చెప్పకుండా వదిలేసినాడో!' అని గంటసేపు చెప్తాంటివి. అన్నం సల్లారిపోయేది. టేపు తెచ్చి నీ మొగం యెట్ల చూసేది నేను?" దగ్గు. మళ్లీ నవ్వు. "పుస్తకంలో నా పేరు ఏస్తావా?"

ఫోను పెట్టేశాను.

డిసెంబర్ 9
మూడో అధ్యాయం తీసేస్తే పుస్తకం కూలుతుంది. ఉంచితే అబద్ధం. తెలుగులో ఎవరికీ తెలియదు — మూర్తికి తెలియదు, ఆ ఇద్దరు విమర్శకులకూ తెలియదు. మహా గొప్పగా ఉందంటారు కూడా. ఛీ.

అయినా నా తలుపే బాగుంది. ఆయనే ఒప్పుకున్నాడు! మరి ఇన్నేళ్లు నేను ప్రేమించింది ఎవరిని?

డిసెంబర్ 10
ఆఫీసులో ఒక విడాకుల కాగితం అనువాదం. పేరు తప్పు కొట్టాను. కఫీల్ కొడుకు తనే దిద్ది స్టాంపు వేశాడు. తిట్టుంటే బాగుండేది.

డిసెంబర్ 11
మూర్తి మెసేజ్. "రేపు పంపేస్తున్నా. అంకితం పేజీ ఖాళీగా ఉందండీ. ఎవరికి?"

నీలం టిక్కులు పడ్డాయి, చూశానని అతనికి తెలుసు. ఫోను బోర్లా పెట్టాను.

ఎలీసియోకు అనుకున్నాను. ఆయన తనకు చేతనైంది తీశాడు, ఆయన్నేమంటాను? ముదీర్ ఆర్డరు పాటించాడు, వాడూ పోయే ఉంటాడు. ఎదురుగా అన్నం తింటూ, నేను మోసపోతున్నది చూస్తూ, ఇంకో ముద్ద కలుపుకున్నవాడు ఒక్కడు మిగిలాడు. జాలిపడ్డాడట నా మీద. జాలి!

అంకితానికి వాడి పేరు ఇక్కడ రాస్తున్నాను. ఆ పేజీలో రాస్తానో లేదో...

షేక్ హిదాయతుల్లా.