చప్పట్ల వార్డెన్

కర్నూలు,
ఆగస్టు 14, 2024.

శివజ్యోతి అక్కకు,

నమస్కారాలతో నీ చెల్లెలు హర్షిణి. నేనిక్కడ కులాసా. ఎర్రగుంట్లలో నువ్వూ, అమ్మా, నాన్నా చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను.

గ్రూప్స్ చదువులో నిరంకుశ పాలనకూ, సర్వంకష పాలనకూ తేడా బుర్రకెక్కడం లేదన్నావు కదా. పుస్తకం పక్కనపెట్టి మా హాస్టల్ సంగతి విను. ఫోన్‌లో చెబితే అమ్మ వింటుంది, అందుకే ఉత్తరం.

మా వార్డెన్ రామేశ్వరమ్మ నీకు తెలుసు. ఏడు కొడితే గేటుకు తాళం. ఎదురు మాట్లాడితే ఆ పూట అన్నం లేదు. కానీ, "లోపల నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి, నాకేమి? గేటు దాటొద్దండి, అంతే" అనేది. గదిలో మేమేం మాట్లాడుకున్నా ఆమెకు పట్టదు. అది నిరంకుశత్వం.

ఆమె కూతురి కాన్పుకని వెళ్తే, బదులుగా ప్రసన్నకుమారి మేడం వచ్చింది. రోజూ భోజనాల దగ్గర హాస్టల్‌ను పొగడాలి, చప్పట్లు కొట్టాలి. అదీ మనసారా! ఎవరి ముఖం వాడిందో, నిద్రలో ఎవరేం కలవరించారో గదిలోవాళ్లే పోయి చెప్పాలి. పక్క మంచం హులిగెమ్మతో మాట్లాడాలన్నా భయమేసేది. గేటుతో సరిపెట్టక మనసుకూ తాళం వేయడం, అదక్కా సర్వంకషత్వం.

పోయిన వారం పప్పు మాడింది. అందరం అమృతమన్నాం. ఆదోని దగ్గరి పల్లె పిల్ల హులిగెమ్మ మాత్రం లేచి, "మాడిండాది మేడం. బాగుండాదని చెప్పమంటే చెప్తా, గానీ నా నాలిక యాడ నమ్ముతాది?" అంది.

మేడం మండిపడి దాన్ని పెట్టె సర్దుకోమంది. వెళ్లగొట్టడం న్యాయమేనంటూ మమ్మల్ని చప్పట్లు కొట్టమంది. ఒక్క చెయ్యీ లేవలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, హాలంతా నవ్వులే! మేడం ఆపమన్నకొద్దీ ఎక్కువయ్యాయి.

మర్నాడు అందరం హాస్టల్ యజమాని నరసన్న దగ్గరికి పోయాం. ఆయన అంతా విని, "పప్పు మాడితే మాడిందనక ఏమంటారమ్మా!" అని తల పట్టుకున్నాడు. మేడంను పంపించి రామేశ్వరమ్మను పిలిపించాడు. ఆమె రాగానే మేం గంతులేస్తే, "ఏమే, పిచ్చి గాని పట్టిందా?" అని కసిరింది. ఆ కసురు ఎంత హాయిగా ఉందో!

పరీక్ష బాగా రాయాలని కోరుతూ,
నీ హర్షిణి.

తా.క.: ఆ నవ్వింది నేనే. అమ్మకు చెప్పకు. ఇంకో నిజం. గంతులేశాం గానీ, ఏడింటికి గేటు పడగానే ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. మంచి తాళమైనా తాళమే కదా. రేపు నేనూ హులిగెమ్మా రామేశ్వరమ్మ దగ్గరికి పోయి, లైబ్రరీ మూసేదాకా గేటు తెరిచి ఉంచమని అడగబోతున్నాం. కసురుతుందని తెలుసు, అయినా శానా హుషారుగా ఉంది.