రెండువందల పన్నెండు పేర్లు

నవంబరు 18, శనివారం, మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. నీ క్షేమం అడగను, రోజూ పేపర్లో నీ ఫోటో చూస్తూనే ఉన్నాను కదా. నిన్నటి ఫోటోలో మరీ చిక్కిపోయి కనిపించావు. వేళకి తినమని మరదలు చెప్పి చెప్పి విసిగిపోయి ఉంటుంది. ఇప్పుడు నేనూ చెబుతున్నాను.

రెండేళ్ళు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి ఉన్నట్టుండి ఉత్తరమేమిటి, ఫోన్ చెయ్యొచ్చు కదా అనుకుంటావు. ఫోన్‌లో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. చిన్నప్పటి నుంచీ అంతే. పార్లమెంటులో స్పీకరే నీ మాట ఆపలేకపోతే నేనెక్కడ ఆపను? కాగితానికైతే నువ్వు అడ్డం రాలేవు. అందుకే రాసి మీ బావ చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన్ని గుమ్మంలోంచే పంపెయ్యకు. కాఫీ ఇప్పించు, పంచదార లేకుండా.

ముందు ఇంటి కబుర్లు. మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మీ బావ రేడియో బాగుచేస్తానని విప్పి వారమైంది. మరలు ఒక గిన్నెలో, బావ ఒక గదిలో. వంటింటి కిటికీకి కొత్త అద్దం వేయించాం. ఇంతకంటే విశేషాలేమీ లేవు. ఉన్న ఒక్క విశేషం కోసమే ఈ ఉత్తరం.

నీ మూడో ఎన్నిక డబ్బు మీద విచారణ మొదలైనప్పుడు నువ్వు పత్రికలవాళ్ళతో అన్న మాట నేను కత్తిరించి దాచుకున్నాను. 'ఈ ఎన్నికలో తప్పులు జరిగాయేమో, వెతుక్కోండి. కానీ నన్ను మొదటిసారి గెలిపించింది బస్సు డ్రైవర్ల చిల్లర డబ్బులు. ఆ రసీదు పుస్తకాలు ఇప్పటికీ మా అక్క దగ్గరున్నాయి, వెళ్ళి చూసుకోండి' అన్నావు. అది చదివి మీ బావ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

నిజంగానే వచ్చారు నాయనా. ఒక అధికారిణి, వెంట ఇద్దరు గుమాస్తాలు. నా మేనకోడలి వయసుంటుంది ఆ అమ్మాయికి. జలుబుతో బాధపడుతూ, ముక్కు తుడుచుకుంటూనే ఒక్కో పుస్తకం అట్టమీద నంబరు వేసుకుంది. పద్నాలుగేళ్ళు ఇంత జాగ్రత్తగా ఎలా దాచారమ్మా అని ఆశ్చర్యపోయింది. ముప్ఫై ఒక్కేళ్ళు బ్యాంకులో కేషియర్‌గా చేశాను తల్లీ, కాగితం పారేస్తే చెయ్యి వణుకుతుంది అన్నాను. మెచ్చుకుని పుస్తకాలన్నీ పట్టుకెళ్ళింది. ఆ తర్వాత రసీదుల్లో ఉన్న పేర్లవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ పిలిచి అడగడం మొదలుపెట్టారు. మీరు ఫలానా ఎన్నికకు ఇంత ఇచ్చారా అని.

మొన్న మంగళవారం ఒకావిడ మా ఇంటికి వచ్చింది. నువ్వెరుగుదువో లేదో, పోయినేడాది ట్రావెల్స్ బస్సు వంతెన గోడకు గుద్దుకుంది చూడు, ఆ డ్రైవరు భార్య. ప్రయాణికులంతా దెబ్బలతో బయటపడ్డారు, అతనొక్కడే పోయాడు. పదహారు గంటలుగా స్టీరింగ్ మీదే ఉన్నాడట. నీ మొదటి ఎన్నికప్పుడు మన సిటీ డిపోలోనే పనిచేసేవాడు, నీ యూనియన్ మనిషే. ఆవిడ బట్టలు కుడుతుంది. మెళ్ళో టేపు తియ్యడం కూడా మరిచిపోయి అలాగే వచ్చేసింది.

కుర్చీ అంచున కూర్చుని అడిగింది. 'అక్కగారూ, ఆఫీసుకి పిలిచి రసీదు చూపించారు. మా ఆయన మీ తమ్ముడుగారికి ఐదువేలు ఇచ్చాడట. నిజమేనా?' అంది. నా జవాబు కోసం ఆగలేదు. ఆవిడే చెప్పుకుపోయింది. 'ఆ ఏడాది పిల్లల ఫీజులకని నా కుట్టుమిషను అమ్మేశామండీ. రెండేళ్ళు చేత్తో కుట్టాను. డబ్బుంటే మళ్ళీ మిషను కొనవా అని ఎన్నిసార్లు పోట్లాడానో. చేతిలో చిల్లిగవ్వ లేదని పిల్లల మీద ఒట్టేశాడు. ఐదువేలు దగ్గర పెట్టుకుని ఒట్టేశాడంటే, ఇంకా ఎన్నిటికి అలా వేశాడో' అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. పద్దెనిమిదేళ్ళ కాపురాన్ని వెనక్కి తిప్పి ఒక్కో రోజూ అనుమానంగా చూసుకుంటోంది ఆ మనిషి.

పాత పుస్తకాలు చూసి చెబుతానమ్మా అని పంపేశాను. పుస్తకాలు నా దగ్గర లేవని ఆవిడకు తెలుసు. అయినా తలూపి వెళ్ళింది.

ఇప్పుడు చెబుతున్నాను, కూర్చుని చదువు. ఆ ఐదువేలు అతను ఇవ్వలేదు. ఆ రసీదు నేను రాశాను.

నీకు గుర్తుందా, మొదటి ఎన్నికలో ఆఖరి వారం? డిపో గేటు దగ్గర టైర్ల గుట్ట ఎక్కి మాట్లాడి మాట్లాడి నీ గొంతు పోయింది. సైగలతో ప్రచారం చేస్తున్నావు. డ్రైవర్లు నిజంగానే ఇచ్చారు, కాదనను. పదీ, ఇరవై, వంద. కానీ పోలింగుకి ఆరు రోజులుందనగా అంతా అయిపోయింది. వ్యాన్లకి డీజిలు లేదు. పోలింగ్ ఏజెంట్లకి తిండి పెట్టే దారి లేదు. నువ్వు మా వంటింట్లో గచ్చుమీద వెల్లకిలా పడుకుని కాగితమ్మీద రాసి చూపించావు, 'పోనీలే అక్కా, మంచిగా ఓడిపోదాం' అని. ఆ కాగితం చూసి నాకు ఒళ్ళు మండింది. పంతొమ్మిదేళ్ళు బస్సు నడిపినవాడివి, నీ అంత మనిషి అవతలి పక్షంలో ఒక్కడు లేడు, డీజిలు లేక ఓడిపోవడమేమిటి అనిపించింది.

మర్నాడు పొద్దున ఆ బస్సు యజమాని, ట్రావెల్స్ ఆయన, వచ్చాడు. అప్పటికి ఆయనకి పదకొండు బస్సులే. నువ్వు ప్రచారానికి వెళ్ళిపోయావు. డబ్బు సంచి బల్లమీద పెట్టి, 'అక్కయ్యగారూ, మీ తమ్ముడు గెలవాల్సిన మనిషి. ఇది ఆయనకి తెలియాల్సిన పనిలేదు' అన్నాడు. మరేం కావాలి మీకు అన్నాను. 'ఏమీ వద్దు. మంచివాళ్ళు సభలో ఉంటే మాలాంటివాళ్ళకి ధైర్యం' అన్నాడు. ఎంత తియ్యగా అన్నాడో! కౌంటర్లో కూర్చుని దొంగనోటు వేలి చివరతో పట్టేసేదాన్ని, ఆ మాటలో దొంగతనం పట్టలేకపోయాను. పట్టలేదో, పట్టదలుచుకోలేదో.

ఒక్క మనిషి అంత ఇవ్వకూడదని చట్టం. ఇచ్చినవాడి పేరు పైకి చెప్పాలని చట్టం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మీ యూనియన్ సభ్యుల జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నాను. రెండువందల పన్నెండు పేర్లు. ఒకడి పేర రెండువేలకి రసీదు, ఒకడి పేర ఐదువేలకి, అతుకు తెలియకుండా. మధ్యమధ్య కలం మార్చాను. మీ బావ ఒకసారి వచ్చి చూసి, వెళ్ళి రేడియో శబ్దం పెంచుకున్నారు. ముప్ఫై ఒక్కేళ్ళలో నా లెక్క ఒక్క రూపాయి తేడా రాలేదని బ్యాంకులో నాకు శాలువా కప్పారు చూడు, ఆ సన్మానానికి ఏడాది ముందు సంగతి ఇది.

నువ్వు పదకొండువందల ఓట్ల తేడాతో గెలిచావు. ఆ వ్యాన్లు తిరక్కపోతే గెలిచేవాడివి కాదు. సభలో నీ మొదటి ప్రసంగం మేమంతా టీవీలో చూశాం. పద్నాలుగు గంటలు నడిపి, కళ్ళు మూతపడి, వంతెన అంచున బస్సు ఆపిన రోజు గురించి చెప్పావు. డ్రైవరు రోజుకి ఎనిమిది గంటలకు మించి నడపకూడదని చట్టం వచ్చేదాకా నిద్రపోనన్నావు. డిపోలో మెకానిక్కులు పానాలు వదిలేసి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తేలు కుట్టిన దొంగలా కొట్టాను.

నీ రెండో ఎన్నికకు ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి సంచి తేలేదు. ఊరికే నవ్వి, 'అప్పటి రసీదులు భద్రంగా ఉన్నాయా అక్కయ్యగారూ' అని అడిగాడు. అంతే. అప్పటికి రిటైరై నీ ఆఫీసు పనులు చూస్తున్నాను కదా, నేనే ఆయన్ని నీ గదిలోకి తీసుకొచ్చి, మంచాయన, నమ్మొచ్చు తమ్ముడూ అన్నాను. నా మాటమీద నువ్వు నమ్మావు. ఆ తర్వాత నడిచిందంతా నీకు తెలుసు. ఆయన డబ్బుతో ట్రస్టు పెట్టారు, జీపులు వచ్చాయి, మూడోసారికి నీ కటౌటు డిపో గేటుకంటే ఎత్తు లేచింది.

ఆ చట్టం వచ్చింది కూడా. నీ కమిటీలోంచే వచ్చింది. 'ఎనిమిది గంటలకు మించరాదు' అన్నదాని ముందు 'వీలైనంతవరకు' అని ఒక్క మాట చేరింది. ఒక్క మాటే కదక్కా అన్నావు. వీలైనంతవరకు అప్పు తీరుస్తాను అని రాసిచ్చినవాడికి ఏ బ్యాంకైనా అప్పిస్తుందా అని నేను అరిచాను. నువ్వు మారిపోయావన్నాను. చేతులు కడుక్కుని మరీ అన్నాను. నువ్వు తలవంచుకుని, 'మొదటిసారి గెలిచినవాడు వేరే మనిషి అక్కా, వాడిని నేనే పాడుచేశాను' అన్నావు. అప్పుడైనా చెప్పాల్సింది, ఆ వేరే మనిషి లేనేలేడని. వాడిని నేను నాలుగు కలాలతో రాశానని. చెప్పలేదు. మోకాళ్ళ నొప్పులని వంక పెట్టి నీ ఆఫీసు మానేశాను. లోకమంతా అక్క నీతిమంతురాలు అనుకుంది. పోనీ, నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను.

నీ తప్పంతా నా నెత్తిన వేసుకుంటున్నానని అనుకోకు. ఆ 'వీలైనంతవరకు' నీ చేతిరాతే. బస్సు నడిపినవాడివి, దాని అర్థం నీకు తెలియకపోలేదు. ఎవడి వాటా వాడిదే. నా వాటా ఏమిటో ఇన్నాళ్ళూ నీకు చెప్పకపోవడం వల్ల, నీది నీకు మరీ పెద్దదిగా కనిపించి ఉంటుంది. పూర్తిగా పాడైపోయానుగా, ఇంకెంత పాడైతేనేం అన్న తెగింపు అందులోంచే వచ్చిందేమోనని నా భయం.

సోమవారం నన్ను విచారణకు రమ్మన్నారు. ఆ పుస్తకాల్లో ఏవి డ్రైవర్లు ఇచ్చినవో, ఏవి నేను రాసినవో పేజీ పేజీ చెప్పేద్దామనుకుంటున్నాను. నీ దగ్గర మిగిలిన ఒక్క మంచి పేరూ దాంతో పోతుంది. అందుకే ముందుగా నీకు రాస్తున్నాను. ఏమైనా చెప్పాలనుకుంటే ఆలోగా చెప్పు.

వచ్చే వారం ఆ చట్టం సవరణకు సభకి వస్తోందని పేపర్లో చూశాను. నువ్వు లేచి నిలబడి ఆ ఒక్క మాట తీసెయ్యమంటే ఎవరూ నీకు హారతులు పట్టరు. దొరికాక బుద్ధొచ్చింది అంటారు. అననీ. ఈ పూట స్టీరింగ్ మీద ఉన్నవాడికి నువ్వెందుకు అన్నావన్నదానితో పనిలేదు, గంటలు తగ్గాయా లేదా అన్నదే కావాలి.

మరదలికి, పిల్లలకి నా ఆశీస్సులు. నిన్ను కోపంతో తలుచుకున్న రోజులు చాలా ఉన్నాయి. తలుచుకోని రోజు లేదు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: మీ బావ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. నేను కవరు అంటించబోయి ఆగాను. పైన ఒక అబద్ధం రాశాను తమ్ముడూ. విచారణ సోమవారం కాదు. నిన్న శుక్రవారమే అయిపోయింది, చెప్పాల్సిందంతా చెప్పేశాను. నిన్ను అడిగి చేసినట్టు ఉండాలని అలా రాశాను గానీ, నిజంగా అడిగే ధైర్యం నాకు లేదు. నువ్వు 'వద్దక్కా' అంటే ఆగిపోయేదాన్ని.

నీకు తెలిసే జరిగిందా అని ఆ అధికారిణి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ తెలియదనే చెప్పాను, అది నిజం కనుక. ట్రావెల్స్ ఆయన పేరు చెప్పాను. నామీద కేసు పెడతారట. పెట్టనీ.

ఆ డ్రైవరు భార్యని కూడా నిన్ననే పిలిచారు. నేను చెబుతున్నంతసేపూ వెనక బెంచీమీదే ఉంది. బయటికి వచ్చాక మెట్లమీద నన్ను ఆపింది. తిడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. 'అంటే అక్కగారూ, ఆయన చేతిలో నిజంగానే డబ్బు లేదన్నమాట. నాతో అబద్ధం ఆడలేదన్నమాట. అంతే కదండీ?'

అంతేనమ్మా అన్నాను. అప్పుడు ఏడ్చింది.