గోడ పక్క వరుస

మార్చి 9

కోత అయిపోయింది. ఒళ్లంతా నూగు దురద. మామయ్య ఆసుపత్రి మంచం మీంచే ఫోన్ చేశాడు, పైరు ఎక్కడా పడిపోలేదు కదా అని. పడలేదన్నాను. వెంటనే ఫోన్ నర్సు చేతికిచ్చి, మా కోడలుపిల్ల ఏం చెబుతోందో నువ్వే విను అన్నాడు. పాపం ఆ అమ్మాయి, కంగ్రాట్స్ అండీ అంది, దేనికో తెలియకుండానే.

మార్చి 12

ఓట్స్‌లో గుండెకు మేలు చేసేది పీచు. గింజలో అది పెరిగితే దిగుబడి పడిపోతుంది. దిగుబడి పెంచితే పీచు జారిపోతుంది. ఈ పీటముడి విప్పుతానని మామయ్య తన పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టాడు. చదువయ్యాక నన్నూ ఇందులోకి లాగాడు. ఎన్నికలైతే ఐదేళ్లకోసారి తేలతాయి, ఈయన ఓట్లు మాత్రం ఎన్నటికీ తేలవని అత్తయ్య వేళాకోళం.

చివరికి తేలాయి. పీచూ దిగుబడీ రెండూ ఉన్న రకం ఒకటి నిలిచింది. మా పరిశోధన కేంద్రం డైరెక్టర్ మాత్రం నమ్మడం లేదు. ఒకే మడి పంటలో రెండూ ఉన్నట్టు చూపిస్తే రైతులకు విడుదల, లేకపోతే మా విభాగం మూత అన్నాడు. రేపటి నుంచి ల్యాబ్.

మార్చి 18, మధ్యాహ్నం

ఎక్కువ పీచు లేదు.

మార్చి 18, సాయంత్రం

మిషన్ కడిగి మళ్లీ పెట్టాను. గింజలు మార్చాను. పిండి ఇంకా మెత్తగా పట్టాను. అదే అంకె. బజార్లో ప్యాకెట్‌కి ఎంత ఉంటుందో అంతే.

మార్చి 20

దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

మామయ్య దిగుబడి తూచే మడుల్లో ఒక్క కంకి కూడా తెంపనిచ్చేవాడు కాదు, లెక్క చెడుతుందని. అందుకే పీచు పరీక్షకు ఎప్పుడూ గోడ పక్క వరుస నుంచే కోసేవాళ్లం. అక్కడికి నీళ్లు సరిగా పారవు. గింజ పాలుపోసుకోక సన్నబడుతుంది. లోపల పిండి తగ్గితే పీచు వాటా పెరిగినట్టు కనిపిస్తుంది. ఈసారి పరీక్షకు పెట్టింది మడిలో నిండుగా పండిన గింజ, అందులో పీచు మామూలే. దిగుబడి ఒక మొక్కది, పీచు ఇంకో మొక్కది. రెండూ కలిపి ఒక రకం అనుకున్నాం.

నేనూ ఆ వరుసలోనే కోశాను, ఏటా. ఒక్కసారీ తట్టలేదు.

మార్చి 22

డైరెక్టర్‌కి చెప్పాను. కోప్పడలేదు. నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు. పొలం షెడ్ల కోసం ఇచ్చేస్తున్నారట, నా ఉద్యోగం ఈ నెలాఖరు వరకేనట.

మార్చి 23

మామయ్యకి చెప్పకూడదనే వెళ్లాను. దుప్పటి సర్దుతుంటే చెయ్యి పట్టుకుని, ల్యాబ్ ఏమంది అని అడిగాడు. అబద్ధం నోటిదాకా వచ్చింది. గింజ బరువు ఎంత, ఏ మడిది, తేమ ఎంత అని ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. ఆ ప్రశ్నలకు అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. అన్నీ ఆయన నేర్పినవే.

అన్నీ విన్నాడు. ఇన్నేళ్లూ దాహంతో ఉన్న మొక్కల్ని చూసి మురిసిపోయానన్నమాట అన్నాడు. ఏడవలేదు. నేనే ఏడ్చాను. కాసేపటికి, మళ్లీ విత్తుతావా అని అడిగాడు. ఈసారి గోడ పక్కన కూడా నీళ్లు పెట్టు అన్నాడు.

విత్తుతాను మామయ్యా అన్నాను.

బయట వరండాలో అత్తయ్య నన్ను ఆపింది. డాక్టరు ఏం చెప్పాడో నీకు తెలీదా, ఈ కాస్త రోజులు కడుపులో దాచుకోలేకపోయావా అంది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

మార్చి 29

మామయ్య పోయాడు.

ఏప్రిల్ 10

అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇస్తూ, నా దగ్గరికి వచ్చేసరికి ట్రే పక్కకి తిప్పేసింది.

జూలై 2

బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేరాను. తేమ చూడటమే పని. అందరూ మంచివాళ్లే. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు.

అక్టోబర్ 15

బస్సులోంచి చూశాను. పొలంలో ఇనుప స్తంభాలు లేచాయి. గోడ కొట్టేశారు. విత్తనం సంచులు ఏమయ్యాయని వాచ్‌మన్‌ని ఫోన్‌లో అడిగితే, పావురాలకు పోసేశాం మేడమ్ అన్నాడు.

నవంబర్ 21

అత్తయ్య ఫోన్ చేసింది, ఇన్ని నెలల తర్వాత. ఎంతో మెత్తగా పలకరించింది. మళ్లీ విత్తుతానన్నావని మీ మామయ్య చెప్పారు, మొలకలు వచ్చాయా అంది. వచ్చాయన్నాను. ఆదివారం నన్ను తీసుకెళ్లి చూపిస్తావా అంది.

సరేనన్నాను.