పదికి పది వచ్చిన గురువు

3వ తేదీ, సోమవారం

ఇవాళ్టి నుంచి డైరీ. కారణం ఉంది.

మా అత్తగారికి ఇరవయ్యో తేదీన గుండె ఆపరేషన్. డెబ్బై ఆరేళ్ళావిడ, మా దగ్గరే ఉంటారు. పొద్దున్న నన్ను పిలిచి ఒకే ఒక్కటి అడిగారు.

"లోపలికి తీసుకెళ్ళేలోగా ఒక మంచి గురువు దగ్గర మంత్రం తీసుకోవాలనుంది బాబూ. ఎవరు అసలో, ఎవరు దొంగో నాకు తెలీదు. మీరు సరేనన్న వాళ్ళ దగ్గరే తీసుకుంటాను."

ఈ పని నాకు అప్పజెప్పడంలో ఆశ్చర్యం లేదు. బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేయడం నా ఉద్యోగం. నిన్ననే గుద్దుకుందన్న కారు సొట్టలో తుప్పుంటే అది పాత దెబ్బ. తగలబడిన కొట్టులో అరలన్నిటికీ మసి సమంగా పట్టి ఉంటే, మంట లేచేటప్పటికి వాటిలో సరుకు లేదన్నమాట. ఇన్నేళ్ళలో నా దగ్గర ఎవరి పప్పులూ ఉడకలేదు.

నిర్ణయం: రోజుకొక గురువు. పది అంశాలు, అంశానికొక మార్కు. ఎనిమిది వస్తేనే పాసు. డబ్బు అడగకూడదు. ఫోటోలు అమ్మకూడదు. మహిమలు చూపించకూడదు. శిష్యుల వెంట పడకూడదు. శాస్త్రం క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. తనకూ ఒక గురువు ఉండి ఉండాలి. ఇలా పది.

నాకు నేను పెట్టుకున్న షరతు: పొగడ్తకి పడకూడదు.

4వ తేదీ, మంగళవారం

పెద్ద హాలు. చల్లటి గాలి, తెర మీద స్వామీజీ ముఖం గోడంత. లోపం పట్టడానికే వెళ్ళాను. వరసలో నా వంతు వచ్చింది. ఆయన నన్ను రెండు క్షణాలు చూసి, "మీరు మనుషుల్ని ఇట్టే చదివేస్తారు. కానీ మీ విలువ ఇంట్లో వాళ్ళకి తెలీదు" అన్నారు.

ఒళ్ళు జలదరించింది. ఎవరు చెప్పారు ఈయనకి? ఎనిమిదిన్నర వేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ కూర కలుపుతూ, "ఆ మాట ఏ మొగుడికి చెప్పినా నిజమే అనుకుంటాడు" అంది.

5వ తేదీ, బుధవారం

ఆఫీసులో మా క్యాషియర్ కూడా ఆ హాలుకి వెళ్ళాడట. అతని విలువ కూడా ఇంట్లో వాళ్ళకి తెలియదట. అది కూడా స్వామీజీయే చెప్పారు.

మార్కులు రెండుకి తగ్గించాను. ఈ సంగతి మా ఆవిడకి చెప్పలేదు.

6వ తేదీ, గురువారం

యువ గురువు. ఫోన్లో ఉపన్యాసాలిచ్చే కుర్రాడు, బిగుతు చొక్కా. "గురువే అక్కర్లేదు. సత్యం మీలోనే ఉంది. ఈ మాట రోజూ వినాలంటే నా దగ్గర పేరు నమోదు చేసుకోండి" అన్నాడు. ఒకటి.

8వ తేదీ, శనివారం

నిన్న విరామం. నడుం పట్టేసింది.

ఇవాళ మౌనస్వామి. నాలుగు ప్రశ్నలు వేశాను. ఒక్కదానికీ పలకలేదు. మాట్లాడని మనిషిలో తప్పేం పట్టగలం? తొమ్మిది వేయబోతుండగా పక్కనున్న శిష్యుడు ఆ మౌనానికి అర్థం చెప్పడం మొదలెట్టాడు. ఉద్యోగం పోయినాయనకి త్వరలో వస్తుందని. పిల్లలు లేని జంటకి త్వరలో పుడతారని. నాకు, మీ అత్తగారికి నయమవుతుందని. అందరివైపూ స్వామి ఒకేలా చూశారు. ఇలాంటి ఫైలుని మా ఆఫీసులో 'పెండింగ్' అంటాం.

ఇంటికొచ్చేసరికి అత్తగారు వీధి గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నారు.

"దొరికారా బాబూ?"

"చూస్తున్నానత్తయ్యా. తొందరపడితే మోసపోతాం."

"నిజమే" అని గోడ పట్టుకుని లోపలికి వెళ్ళారు.

11వ తేదీ, మంగళవారం

జిరాక్సు కొట్టు మేడ మీద ఒకావిడ ఉపనిషత్తులు చెబుతుందని ఎవరో అంటే వెళ్ళాను. మెట్లు ఇరుకు. గది ఇంకా ఇరుకు. ఐదుగురు విద్యార్థులు, ఒక ఫ్యాను. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. ఎవరో ఏదో అడిగితే, "ఇది నాకు తెలీదు. మా గురువుగారిని అడిగే అవకాశం ఇప్పుడు లేదు. చూసి చెప్తాను" అంది. అరగంటలో రెండుసార్లు 'తెలీదు' అంది. శాస్త్రజ్ఞానం కింద సున్నా.

పాఠం అయ్యాక నా పది అంశాలూ తీశాను. ఆవిడ వద్దనలేదు. "పరీక్షించాల్సిందే. గుడ్డిగా ఎవర్నీ నమ్మకూడదు. ఇంతకీ ఎవరికోసం?" అంది. చెప్పాను.

"ఆవిడకి భయంగా ఉన్నట్టుంది. సాయంత్రాలు ఆవిడ దగ్గర ఎవరు కూర్చుంటున్నారు?"

"మా ఆవిడ పని నుంచి వచ్చేసరికి ఏడవుతుందండి."

"మరి మీరు?"

"నేను గురువు కోసం తిరుగుతున్నాను కదండీ."

ఆవిడ పుస్తకం మూసి పక్కన పెట్టింది. "ఆవిణ్ణి తీసుకురండి. మెట్లెక్కలేకపోతే నేనే వస్తాను. నాలుగు రోజులు మాట్లాడితే గానీ ఎవరికి ఏది ఇవ్వాలో తెలీదు" అంది.

మెట్లు దిగుతూనే మార్కులు వేశాను. అడక్కుండానే ఇంటికి వస్తానంటోంది. అంటే శిష్యుల వెంట పడే రకం. మొత్తం నాలుగు. ఫెయిల్.

13వ తేదీ, గురువారం

ఆఫీసులో పని. గోడౌను ఒకటి కాలింది, నా మసి నాకు ఉంది.

15వ తేదీ, శనివారం

నిర్ణయంలో చిన్న సవరణ. తిరగడం వృథా. ఫోన్లోనే గురువుల ఉపన్యాసాలు చూసి వడపోయొచ్చు. పడక్కుర్చీలో కూర్చుని ఏడుగుర్ని చూశాను. ఏడుగురూ దొంగ గురువులతో జాగ్రత్తగా ఉండమనే చెప్పారు.

పక్క గదిలోంచి అత్తగారు, "బాబూ, ఒకసారి వస్తారా?" అన్నారు. ఎనిమిదో ఆయన మంచి పట్టులో ఉన్నాడు. పది నిమిషాలన్నాను. వెళ్ళేసరికి పడుకున్నారు.

17వ తేదీ, సోమవారం

గురువుకి పరీక్ష పెట్టడం తేలికే. పాసయ్యేవాడే లేడు. తప్పు నాది కాదు, కాలానిది. ఈ ముక్క మా ఆవిడతో అంటే, "అమ్మ మూడు రోజులుగా సరిగ్గా తినట్లేదు. అది మీ పదిలో ఉందా?" అని అడిగింది.

మా ఆవిడకి ఆధ్యాత్మిక దృష్టి తక్కువ.

19వ తేదీ, బుధవారం

ఆసుపత్రిలో చేర్చాం. గురువు దొరకలేదు. అత్తగారు అడగలేదు. అడిగితే బాగుండేది.

20వ తేదీ, గురువారం

రాయక తప్పదు.

పొద్దున్న స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. కళ్ళజోడు తీసేశారు, పళ్ళ సెట్టు తీసేశారు. ముఖం చాలా చిన్నదైపోయింది. మా ఆవిడ కాగితాల మీద సంతకాలు పెడుతోంది. అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. చెయ్యి వణుకుతోంది.

"దొరికారా బాబూ?"

"దొరికారత్తయ్యా."

ఎలా అన్నానో తెలియదు. అనేశాను.

"ఎవరు?"

"పేరు చెప్పొద్దన్నారు. చాలా గొప్పవారు. ఇక్కడికి రాలేరు. మంత్రం మీ చెవిలో చెప్పమని నాకిచ్చారు."

వంగి చెప్పాను. ఓం నమో నారాయణాయ. నాకు పూర్తిగా వచ్చిన మంత్రం అదొక్కటే.

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదిలాయి. చెయ్యి వణకడం ఆగింది. బండి తోసుకుంటూ తీసుకెళ్ళిపోయారు.

దొంగ క్లెయిము పెట్టినవాళ్ళ ముఖాలు నాకు కొట్టిన పిండి. ఆసుపత్రి అద్దం తలుపులో అలాంటి ముఖమే ఒకటి కనిపించింది.

22వ తేదీ, శనివారం

ఆపరేషన్ బాగా జరిగింది. కళ్ళు తెరిచారు. మొదటి మాట, "గురువుగారికి చెప్పారా?"

24వ తేదీ, సోమవారం

వార్డుకి మార్చారు. అత్తగారు పక్క మంచం ఆవిడకి గురువుగారి గురించి నేను చెప్పనివి కూడా కలిపి చెబుతున్నారు. డబ్బు ముట్టుకోరు. ఫోటో లేదు. ఎవర్నీ దగ్గరికి రానివ్వరు. పొగడరు. ఉపన్యాసాలివ్వరు. ఆయనకీ ఒక గురువున్నారట.

పరధ్యానంగా నా పది అంశాలూ వేసి చూశాను. అన్నిటా నెగ్గుతున్నాడు. శాస్త్రజ్ఞానం దగ్గర ఆగాను. తెలియదని ఎక్కడా అనలేదు కాబట్టి ఆ మార్కూ ఇవ్వాల్సి వచ్చింది. పదికి పది. ఇన్నాళ్ళకి ఒకే ఒక్కడు పాసయ్యాడు. ఒకటే కొరత, ఆయన లేడు.

25వ తేదీ, మంగళవారం

మరదలు వచ్చింది. వాళ్ళమ్మ ముఖంలో కళ చూసి, "నాకూ ఆయన్ని అడిగి చెప్పండి బావా. ఈ ఉద్యోగం మానేయనా, ఉండనా?" అంది.

"కొన్నాళ్ళు ఆగమంటారు" అన్నాను.

"అచ్చం నేను అనుకున్నదే" అని కళ్ళు తుడుచుకుంది.

వార్డు నర్సమ్మ కూడా ఏదో అడిగింది. దానికీ ఆగమనే చెప్పించాను. సలహా మంచిదే కదా. నిజం చెప్పాలంటే, బాగుంది. నేను చెబితే ఇంట్లో ఎవరూ వినరు. ఆయన చెబితే ముగ్గురు వింటున్నారు.

26వ తేదీ, బుధవారం

పక్క మంచం ఆవిడకి శుక్రవారం ఆపరేషన్. వాళ్ళబ్బాయి సంతకం కోసం కాగితం పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ పెట్టనంటోంది. నన్ను చూసి, "మీ గురువుగారు చేయించుకోమంటే చేయించుకుంటాను. ఆగమంటే ఆగుతాను. కనుక్కోండి నాయనా" అంది.

నర్సమ్మ ఊరుకోక, "ఆయన ఎక్కువగా ఆగమనే అంటారు" అంది.

రేపు చెప్తానని బయటికొచ్చేశాను.

27వ తేదీ, గురువారం

తెల్లారగానే జిరాక్సు కొట్టు మేడ మీదికి వెళ్ళాను. ఆవిడ గది ఊడుస్తోంది. మొత్తం చెప్పాను. చీపురు పక్కన పెట్టి విన్నది.

"మంత్రం మంచిదే. అందులో వంక లేదు. ఇచ్చిన చోటే అబద్ధం" అంది.

"ఆ గురువు మీరేనని ఒక్కసారి చెప్పండమ్మా. పక్క మంచం ఆవిడకి ఆపరేషన్ చేయించుకోమని చెప్పండి చాలు. అందరికీ మంచి జరుగుతుంది. మీ పేరు కూడా నలుగురికీ తెలుస్తుంది."

"చెప్పను."

"ఒక ప్రాణం నిలబడుతుందమ్మా."

"నిలబెట్టాల్సింది డాక్టరు. అడ్డం నిలబడింది మీరు. ముందు పక్కకి తప్పుకోండి. ఇవాళే వెళ్ళి ఆవిడకి నిజం చెప్పండి, తర్వాత మీ అత్తగారికి. చెప్పేటప్పుడు నన్నూ దేవుణ్ణీ మధ్యలోకి లాగకండి."

అంతే. ఓదార్పు లేదు, ఉపన్యాసం లేదు. మళ్ళీ చీపురు తీసుకుంది.

మెట్ల మీద కూర్చుని ఆవిడకి వేసిన నాలుగు మార్కులూ కొట్టేశాను. కొత్తవి వేయలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

మంచాలు పక్కపక్కనే. ఒకరికి చెబితే ఇద్దరికీ వినబడుతుంది. గురువు లేడు, నేనే కల్పించాను, డాక్టరు మాట వినండి అన్నాను. పక్క మంచం ఆవిడ నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టడం అయ్యాక కాగితం తెమ్మని సంతకం పెట్టింది.

అత్తగారు గోడవైపు తిరిగారు.

29వ తేదీ, శనివారం

ఇంటికి తీసుకొచ్చాం. నాతో మాట్లాడట్లేదు. మందులు ఇస్తే చేయి చాపి తీసుకుంటున్నారు, చూడట్లేదు. మరదలు ఫోన్ చేసి ఉద్యోగం మానేశానంది. ఆగమన్నది గురువు కాదు, నేనేనని తెలిశాక మనసు స్థిమితపడిందట.

పక్క మంచం ఆవిడకి ఆపరేషన్ అయింది, బాగానే ఉంది. వాళ్ళబ్బాయి మా ఆవిడకి చెప్పాడు. నాకు చెప్పలేదు.

30వ తేదీ, ఆదివారం

పొద్దున్న కాఫీ ఇస్తుంటే గ్లాసుతో పాటు నా వేళ్ళు కూడా పట్టుకున్నారు.

"ఆయన్ని నేను చూడలేదు బాబూ. మిమ్మల్ని చూసి నమ్మాను."

తప్పయిందన్నాను. ఇంటికి వస్తానన్న మేడ మీద ఆవిణ్ణి నేనే ఫెయిల్ చేశానని కూడా చెప్పాను. ఏడుపొచ్చింది. ఈ వయసులో అత్తగారి ముందు ఏడ్చాను, రాయడానికి సిగ్గేం లేదు.

ఆవిడ నన్ను ఏడవనిచ్చారు. తర్వాత, "మత్తు ఇచ్చేదాకా అదే అనుకుంటూ ఉన్నాను. ఇప్పటికీ పొద్దున్నే నోటికి అదే వస్తోంది. దాన్ని మాత్రం నేను వదలను" అన్నారు.

గ్లాసు కింద పెట్టి, "ఆ మేడ మీద ఆవిణ్ణి ఒకసారి రమ్మనండి. మీరేమీ అడగొద్దు. నేను చూసుకుంటాను" అన్నారు.

1వ తేదీ, సోమవారం

కొత్త నిర్ణయం, మొదటి రోజు. గురువుల పరీక్షలు బంద్. డాక్టరు అత్తగారిని మెట్లెక్కొద్దన్న ఆరు వారాలూ సాయంత్రాలు ఇంట్లోనే, ఆవిడ దగ్గరే. ఫోన్ హాల్లో పెట్టాలి.

ఆఫీసు నుంచి నేరుగా వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకున్నాను. ఆవిడే మొదలుపెట్టారు.

"ఆపరేషన్‌కి ముందు వారమంతా చాలా భయమేసింది బాబూ."

"చెప్పండత్తయ్యా."

చెప్పారు. మా ఆవిడ వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు. మధ్యలో రెండుసార్లు సలహా ఇవ్వబోయి ఆగాను, మూడోసారి ఇచ్చేశాను. రేపటి నుంచి అది కూడా మానేయాలి.