పులి కింద నీడ

మారేడ్‌పల్లి, సికింద్రాబాదు
9 ఫిబ్రవరి 1951

ప్రియమైన కాంతమణికి,

నీకూ, నీ పాఠశాలలోని పిల్లలకూ దేవుని కృప తోడుగా ఉండవలెనని కోరుతూ ఆలిస్ వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్లు మాత్రం మెట్లను చూసి అలుగుతున్నాయి. అయినా కర్ర పట్టలేదు, పట్టను.

క్రిస్మసుకు మా చర్చిలో కట్టిన సువార్త పటం ఫోటో చూసి నీవు పొంగిపోయి, ఆ చిత్రకారుణ్ణి డ్రాయింగు మాస్టరుగా గుంటూరు పంపమని అడిగావు. పంపను. కారణం వ్రాయడానికి మూడు రోజులుగా కాగితం ముందు కూర్చుంటున్నాను.

బ్రహ్మచారి సంగతి నీకు పూర్తిగా తెలియదు. జనగామ వైపు పల్లెలో తరతరాలుగా పటాలు వ్రాసే ఇంటివాడు. అక్కడ నేతవారికి వాళ్ల కులకథ పాడే గాయకులు ఉంటారు. ముప్పై మూరల గుడ్డ మీద కథంతా బొమ్మలుగా వ్రాయించుకొని, ఊరూరా దానిని విప్పి, కర్రతో చూపుతూ పాడతారు. పటం లేనిదే వాళ్లకు పాట లేదు, పాట లేనిదే కూడు లేదు. పోలీసు చర్యకు రెండు నెలల ముందు రజాకార్లు ఆ ఊళ్ల మీద పడి తగులబెట్టినప్పుడు, బ్రహ్మచారి భార్యతో, కుంచెల సంచితో మౌలాలిలోని బంధువుల ఇంటికి చేరాడు. రెజిమెంటల్ బజారులో దుకాణాల బోర్డులు వ్రాస్తుండగా నేను చూశాను. ఒక సబ్బు బోర్డు మీద అతడు వ్రాసిన స్త్రీ కన్నులు చూసి అడుగు కదపలేకపోయాను. దంపతులకు మా పెరటి షెడ్డు ఇచ్చి, చర్చికి పటం వ్రాయమన్నాను.

అయితే అతని పద్ధతి నాకు నచ్చలేదు. నేలంతా ఎరుపు. మనుషులంతా పక్కకు తిరిగి ఉంటారు. దేనికీ నీడ లేదు. మద్రాసు కాలేజీలో, వెలుగు ఎటు నుండి వచ్చినదో చూసి నీడ వేయమని మన డ్రాయింగు దొరసాని ఎంత సతాయించేదో గుర్తున్నదా? అదే అతనికి చెప్పాను. “దేవునికి నీడ ఉంటదా టీచరమ్మా? నీడ మనసొంటోళ్లకే” అని నవ్వి కొట్టిపారేశాడు.

సెప్టెంబరులో ఒకనాడు తానే వచ్చి కుంచె నా ముందు పెట్టాడు. “ఓదయ్య గుంపు గా మంటల్లనే పోయినట్టున్నది. రెండేండ్లు దాటె, ఒక్కడన్న రాలే. ఇగ పాతతీరు ఎవల కోసం? మీరెట్లంటే గట్ల గీస్త” అన్నాడు. ఓదయ్య ఆ గాయకుల పెద్ద. ఆనాటి నుండి డిసెంబరు దాకా పక్కన కూర్చుండి నేర్పాను. అంత తొందరగా పట్టుకున్న శిష్యుణ్ణి నలభై ఏళ్ల ఉద్యోగంలో చూడలేదు. క్రిస్మసునాడు అందరూ నన్ను అభినందించారు. కాదనలేదు.

గత శనివారం రంగు కొనబోయిన బ్రహ్మచారి, బజారులో ఎదురుపడిన ఓదయ్యను చెయ్యి పట్టుకొని మా ఇంటికి తీసుకొని వచ్చాడు. చనిపోలేదు, కాంతమణీ! నేతవారితో పాటు షోలాపూరు పారిపోయి, మిల్లు వాకిట మూటలు మోసి బతికాడట. ఇద్దరూ ఏడ్చారు, తిట్టుకున్నారు. “సచ్చినోడా, గింత బలిసినవేందిరా?” అని అతడు, “నీకు పిండం సుత పెట్టిన తాతా, వడలన్ని దండుగైనయ్” అని ఇతడు.

ఓదయ్య పటం ఊరితో పాటే కాలిపోయింది. వచ్చే ఎండాకాలం నేతవారి ఊళ్లు తిరగడం వాళ్ల వంతు. ఈసారి కూడా పటంతో పోకపోతే ఆ ఊళ్లు మరొక గుంపుకు దక్కుతాయి. అందుచేత ఆ సాయంత్రమే షెడ్డులో గుడ్డ పరిచారు. కథ పులితో మొదలట. పాట వింటూ వ్రాయడం వాళ్ల ఆచారం. ఓదయ్య పాట ఎత్తుకున్నాడు. బ్రహ్మచారి కళ్లు అరమూసి గీస్తున్నాడు. నేను గడపలో నిలబడి ఉన్నాను. పాట నడిమధ్యన తెగింది.

“ఏందిరా, పులి కింద గా మరక?”

అది నీడ. వెలుగు ఎడమ నుండి వచ్చినట్లు, నేను నేర్పిన కొలతకు సరిగ్గా పడిన నీడ. బ్రహ్మచారి తేలు కుట్టినవాడిలాగా చెయ్యి వెనక్కు లాక్కున్నాడు. అది ఎప్పుడు వేశాడో అతనికే తెలియదు. సుద్ద పూసి మళ్లీ వ్రాశాడు, మళ్లీ నీడ వచ్చింది. మూడోసారి పళ్లు బిగబట్టి నీడను ఆపాడు గాని, పొట్ట కింద నలుపు దిగి పులి గుండ్రంగా లేచి నిలబడింది. నేనైతే నూటికి నూరు వేసేదానిని. ఓదయ్య కర్ర ఎత్తి, చూపబోయి, దించేశాడు. “గిది అడివిల పులిరా. మన పులి కాదు. దీన్ని జూసి నేనేం పాడాలె?” అన్నాడు.

ఆరు రోజులుగా ఇదే వరుస. నిన్న పొద్దున వెళ్లి చూస్తే బ్రహ్మచారి తన కుడిచేతిని గుడ్డతో నడుముకు కట్టుకొని ఎడమచేత్తో గీస్తున్నాడు. నన్ను చూసి, “ఎడమ చెయ్యికి మీరు నేర్పలే గద టీచరమ్మా, దానికన్న పాతతీరు యాదికుంటదేమోనని” అన్నాడు. నిష్ఠూరమాడలేదు. నిజంగానే ఆశపడి అన్నాడు. గుడ్డ మీద ఒకటో తరగతి పిల్లవాడు గీసినటువంటి పులి ఉన్నది. దానికి కూడా నీడ ఉన్నది.

అతణ్ణి ఇంకొక బడికి పంపి మరి నలభై మందికి అదే నేర్పించమంటావా? అడగవద్దు. ఆ ఫోటో కూడా నీ తరగతి గోడకు కట్టవద్దు.

ఇట్లు,
నీ స్నేహితురాలు
ఆలిస్ దేవసహాయం

తా.క. మూడు రోజులు కాగితం ముందు కూర్చున్నది పైన వ్రాసినదాని కోసం కాదు. గత ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఓదయ్య మా గేటు దగ్గరకు వచ్చాడు. బోర్డుల దుకాణంలో ఎవరో చెప్పారట. పేరు చెప్పుకొని, “పటాల బ్రహ్మచారి ఈడ ఉంటడా అమ్మా?” అని అడిగాడు. బ్రహ్మచారి షెడ్డులో నిద్రపోతున్నాడు, పిలిస్తే పలికే దూరం. అటువంటివాడు ఇక్కడెవడూ లేడని చెప్పాను. చర్చి పటం అప్పుడే మొదలుపెట్టాము. అతణ్ణి పోనివ్వడం నాకు ఇష్టం లేదు. అంతకు మించి కారణం లేదు. మరుసటి నెల అతడు కుంచె నా ముందు పెట్టి ఓదయ్య పోయాడని ఏడుస్తుంటే, బతికే ఉన్నాడని ఒక్క మాట చెప్పలేదు. కుంచె తీసి అతని చేతిలోనే పెట్టి, నీడ ఎటు పడాలో చూపాను.

శనివారం ఓదయ్య నన్ను చూడగానే గుర్తుపట్టాడు. “మంచిగున్నవా అమ్మా” అని మాత్రం అన్నాడు. ఇంతవరకు బ్రహ్మచారికి చెప్పలేదు. చెప్పవలసినది నేనని ఊరుకున్నాడు. ఈ ఉత్తరం డబ్బాలో వేసి, నేరుగా షెడ్డుకు వెళతాను. దారిలో నా ధైర్యం చాలకపోవచ్చు. వెంటనే జవాబు వ్రాసి, చెప్పానా లేదా అని అడుగు.